మాక్ కేసు అయిపోయాక మొదటి ఐదు నిమిషాలు

కన్సల్టింగ్ ఉద్యోగాలకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని కేసులయ్యాయి?" కేసు అంటే ఇంటర్వ్యూలో ఒక కంపెనీ సమస్యని ఇచ్చి అక్కడికక్కడే విప్పమనడం, మాక్ కేసు అంటే దానికి ముందు ఇంకొకరితో చేసే రిహార్సల్. ఇరవై అంటే జాలి, యాభై అంటే పర్లేదు, ఎనభై అంటే గౌరవం. ఆ ఎనభైలో ఎన్నింటిని మర్నాడు మళ్ళీ తెరిచి చూశావని మాత్రం ఎవరూ అడగరు. అందుకే నలభయ్యో కేసులో కూడా అవే తప్పులు. స్ట్రక్చర్ (సమస్యని ఏయే భాగాలుగా విడదీసి చూస్తామన్న ప్లాన్) గొప్పగా చెప్పి, రెండు నిమిషాల్లో దాన్ని మర్చిపోవడం. లక్షలు కోట్లయ్యే చోట ఒక సున్నా జారిపోవడం. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

రివ్యూ చెయ్యాలని అందరికీ తెలుసు. తేడా ఎప్పుడు చేస్తామన్న దగ్గరే వస్తుంది. కేసు అయిన ఐదు నిమిషాలకి చూస్తే ఒక రకం తప్పు దొరుకుతుంది, మర్నాడు చూస్తే ఇంకో రకం, వారం తర్వాత చూస్తే మరోటి. మూడింటినీ ఒకే రాత్రి గంటసేపు కూర్చుని తేల్చేద్దామనుకుంటే ఏదీ సరిగా దొరకదు, నిద్ర మాత్రం పాడవుతుంది.

ముందు, కేసు నడుస్తుండగా. అప్పుడు రివ్యూ వద్దు. "అయ్యో, పోటీ గురించి అడగలేదే" అని మనసులో అనుకుంటూ ఉంటే ఎదుటివాళ్ళు చెప్పే తర్వాతి అంకె చెవిలోకి వెళ్ళదు. తప్పు జరిగిందనిపించిన చోట కాగితం అంచున ఒక చుక్క పెట్టి ముందుకెళ్ళిపోవాలి, అంతే. మొదటి మూడు నాలుగు కేసుల్లో మాత్రం మధ్యలో ఆగి సరిచేసుకోవడం మంచిదే, ఎందుకంటే అప్పటికి కేసు ఎలా నడుస్తుందో కూడా తెలీదు. తర్వాత అది అలవాటైతే అసలు ఇంటర్వ్యూలో తప్పు చేశాక తేరుకుని నడవడం రాదు. అక్కడ ఎవరూ "సరే, మళ్ళీ మొదట్నుంచి" అనరు.

కేసు ముగిసింది. సాధారణంగా వెంటనే జరిగేది ఇది:

"ఎలా చేశాను అన్నా?"

"బాగానే చేశావ్ రా. లెక్కల దగ్గర కాస్త చూస్కో. స్ట్రక్చర్ ఓకే."

ఇద్దరూ కాసేపు ఆ కంపెనీ గురించి, ఈ ఏడు ఎవరెవరిని షార్ట్‌లిస్ట్ చేస్తారన్న దాని గురించి మాట్లాడుకుని ఫోన్ పెట్టేస్తారు. రివ్యూ అయిపోయిందని ఇద్దరి నమ్మకం.

దీని బదులు మొదటి ఐదు నిమిషాలు ఇద్దరూ నోరు మూసుకోవాలి. వినడానికి మొరటుగా ఉన్నా, మొత్తం పద్ధతిలో నేను వదులుకోనిది ఏదైనా ఉందంటే ఇదే. కేసు ఇచ్చినవాళ్ళు ఒక్క మాట అనకముందే, చేసినవాళ్ళు తమంతట తాము మూడు సంగతులు రాసుకోవాలి. అడిగిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో. ఎక్కడ తడబడ్డామో, సుమారుగా ఎన్నో నిమిషంలో. మళ్ళీ చేస్తే ఏ ఒక్కటి మారుస్తామో. ఆ తర్వాత ఐదు అంశాలకి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసుకోవాలి: స్ట్రక్చర్, లెక్కలు, గ్రాఫ్ లేదా టేబుల్ చూసి తేల్చిన విషయం, మాట్లాడిన తీరు, చివరి రికమెండేషన్. అదే సమయంలో పార్ట్‌నర్, అంటే కేసు ఇచ్చినవాళ్ళు, కూడా వేరే కాగితం మీద మార్కులు వేయాలి. చూపించుకోకూడదు.

పార్ట్‌నర్ మాట్లాడాక రాసుకుంటే ఏం పోతుందంటే, అవతలివాళ్ళు "పోటీ సంగతి నువ్వు చూడలేదు" అనగానే మన బుర్ర "అవును, నాకూ అనిపించింది" అనేస్తుంది. నిజంగా అనిపించిందా లేదా అన్నది ఇక ఎప్పటికీ తెలీదు. తప్పు మనకే కనబడింది అంటే అది కంగారు వల్లో తొందర వల్లో జరిగిందని అర్థం. మనకి కనబడలేదు, పక్కవాళ్ళు చెప్తే తెలిసింది అంటే ఆ విషయం మనకి ఇంకా రాదని అర్థం. మొదటిదానికి మందు నెమ్మదించడం, రెండోదానికి నేర్చుకోవడం. రెండింటినీ "ప్రాక్టీస్ చాల్లేదు" అన్న ఒకే గాటన కట్టేస్తే మరో పది కేసులు చేసినా ఫలితం ఉండదు.

తర్వాత మార్కులు పక్కపక్కన పెట్టుకుంటే చూడాల్సింది తక్కువ మార్కులని కాదు, తేడాని. లెక్కలకి మీరు రెండు వేసుకున్నారు, పార్ట్‌నర్ కూడా రెండే వేశారు. సరే, అది మీకు తెలిసిన జబ్బే. మాట్లాడిన తీరుకి మీరు నాలుగు వేసుకుంటే పార్ట్‌నర్ రెండు వేశారనుకోండి, ఆ రోజు మాటలన్నీ దాని గురించే నడవాలి.

పార్ట్‌నర్‌తో ఈ మాటలు పదిహేను నిమిషాలు చాలు, ఇరవై దాటకూడదు. "ఎలా చేశాను" అని అడిగితే "బాగానే" అనే వస్తుంది. మనవాళ్ళ మొహమాటం తెలిసిందేగా, స్నేహితుడైతే నొప్పించలేడు, సీనియర్ అయితే త్వరగా ముగించాలనుకుంటాడు. కాబట్టి మొహమాటానికి చోటు లేని ప్రశ్నలు అడగాలి. నా స్ట్రక్చర్‌లో భాగాలు ఏవేవో ఇప్పుడు నీకు గుర్తున్నంత వరకు చెప్పు. నేను ఏం చేస్తున్నానో నీకు అర్థం కాని క్షణం ఏది? చివర్లో నేను చెప్పిన సలహా నీ మాటల్లో ఒక్క వాక్యంలో చెప్పు. నాలుగు భాగాలు చెప్పానని మీరనుకుంటే పార్ట్‌నర్‌కి రెండే గుర్తున్నాయంటే, అది వాళ్ళ జ్ఞాపకశక్తి తప్పు కాదు. కేసు ఇచ్చేవాళ్ళు కూడా అభిప్రాయాలు కాకుండా మాటలు రాసుకోవాలి. "కమ్యూనికేషన్ వీక్" అన్న నోటు ఎందుకూ పనికిరాదు. "ఎనిమిదో నిమిషంలో 'సో, బేసికల్లీ' అని మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయావు" అన్న నోటుతో పని జరుగుతుంది. ఇక కోడిగుడ్డు మీద ఈకలు పీకే పార్ట్‌నర్లు కొందరుంటారు, పన్నెండు లోపాలు చదువుతారు. వినండి, రాసుకోండి, కానీ ఒక్క కేసు నుంచి ఒక్కటే తర్వాతి కేసులోకి తీసుకెళ్ళండి.

ఆ రాత్రికి అక్కడితో ఆపేయాలి. అప్పుడే మళ్ళీ ఆ కేసు చెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. చేస్తే అద్భుతంగా వస్తుంది కూడా, ఎందుకంటే జవాబు ఇంకా చెవిలో మోగుతోంది. ఆ సంతోషం ఉత్తదే.

మర్నాడు, ఇరవై నాలుగు గంటల లోపు, తెల్ల కాగితం ముందు పెట్టుకుని, నోట్సు గానీ కేస్‌బుక్ (కేసులు, వాటి జవాబులు ఉండే పుస్తకం) గానీ తెరవకుండా, ప్రశ్న మాత్రం చూసి స్ట్రక్చర్ మళ్ళీ గీయాలి, లెక్కలు మళ్ళీ చేయాలి, చివరి సలహా పైకి అనాలి. ఇరవై నిమిషాల పని. ఆ తర్వాతే నిన్నటి కాగితం, ఆ తర్వాతే కేస్‌బుక్‌లోని జవాబు. ఈ వరస తిరగబడకూడదు. జవాబు ముందు చూస్తే "ఇదే కదా నేననుకున్నది" అనిపిస్తుంది. పైగా కేస్‌బుక్‌లు చాలావరకు బిజినెస్ స్కూళ్ళ కన్సల్టింగ్ క్లబ్బుల్లో విద్యార్థులు రాసినవి. అందులో ఉన్న దారి ఒక దారి, అంతే.

మర్నాడే ఎందుకంటే, మరపు చాలా వేగంగా పనిచేస్తుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో, అర్థం లేని అక్షరాల వరసల్ని తనే బట్టీపట్టి తన మీదే పరీక్షించుకున్నాడు. గంట గడిచేసరికి సగానికి పైగా పోయింది, ఒక రోజుకి మూడో వంతు మిగిలింది. కేసు అర్థం లేని అక్షరాలు కాదు, కథ గుర్తుంటుంది. కానీ మీరు ఏ మాట ఎందుకన్నారో, ఆ అంకెని ఎందుకు పట్టించుకోలేదో, ఆ సన్నటి సంగతులు మాత్రం ఆ అక్షరాల్లాగే జారిపోతాయి. మొదటి రివ్యూకే వారం తర్వాత కూర్చోవడం దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే.

నోట్సు మళ్ళీ చదివితే చాలదా అంటే, చాలదు. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక బృందం పాఠాన్ని మళ్ళీ చదివింది, ఇంకో బృందం చదవకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు. వారం తర్వాత లెక్క తిరగబడింది: గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకి 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం. రాత్రి నోట్సు తిరగేస్తే తృప్తిగా ఉంటుంది, తెల్ల కాగితం చిరాగ్గా ఉంటుంది. ఆ చిరాకే పని చేస్తోంది.

ఒక కేసు దగ్గరగా చూద్దాం. హైదరాబాద్, విజయవాడ మధ్య 20 బస్సులు నడిపే ప్రైవేటు ట్రావెల్స్ అనుకోండి. లాభం పడిపోయింది, ఎందుకో చెప్పాలి. ఒక్కో బస్సు రోజుకి రెండు ట్రిప్పులు, 40 సీట్లు, నిండేది 70 శాతం, టికెట్ సగటున 500 రూపాయలు. రోజు ఆదాయం 5 లక్షల 60 వేలు. ఏడాదికి 360 రోజులు వేసుకుంటే 20 కోట్ల 16 లక్షలు. కేసు చేసినాయన "2 కోట్ల చిల్లర" అన్నాడు.

లాగ్‌లో, అంటే తప్పులు రాసుకునే పట్టికలో, ఏం రాయాలి? "లెక్కల్లో తప్పు, జాగ్రత్తగా ఉండాలి" అని రాస్తే అది నోటు కాదు, నిట్టూర్పు. తప్పుకి కారణం ఏమిటో తవ్వాలి. తవ్వితే రెండు బయటపడతాయి. మొదటిది, పైకి మాట్లాడుతూ 5.6ని 360తో గుణించాడు, యూనిట్ రాసుకోలేదు. రెండోది అసలైనది: వచ్చిన జవాబుని తిరిగి బస్సు దగ్గరికి తీసుకెళ్ళి చూడలేదు. 2 కోట్లని 20 బస్సులకి పంచితే బస్సుకి ఏడాదికి 10 లక్షలు, అంటే రోజుకి దాదాపు 2,800 రూపాయలు. కానీ ఒక్క ట్రిప్పులోనే 28 మంది ఎక్కి 14,000 ఇస్తున్నారు! పది సెకన్ల పని, సున్నా అక్కడే దొరికేది. కాబట్టి లాగ్‌లో రాయాల్సిన వాక్యం: "ఏడాది మొత్తం చెప్పేముందు ఒక బస్సు, ఒక రోజు దగ్గరికి దించి చూడాలి." ఇది మర్నాటి కేసులో చెయ్యగలిగిన పని. "జాగ్రత్త" చెయ్యగలిగిన పని కాదు.

లక్షలు, కోట్లలో పెరిగినవాళ్ళకి ఇంకో గుంట ఉంది. కేసు డాలర్లలో, మిలియన్లలో వస్తే కొందరు మనసులో కోట్లలోకి మార్చి, లెక్క చేసి, మళ్ళీ మిలియన్లలోకి తెచ్చి చెప్తారు. రెండుసార్లు మార్పిడి, రెండుసార్లు సున్నా జారే అవకాశం. అమెరికాలో ఇంటర్వ్యూలు ఇచ్చే మన పిల్లల లాగ్‌లో "లెక్క తప్పు" అని పదిసార్లు ఉందంటే, అందులో గుణకారం తప్పులెన్నో, మార్పిడి తప్పులెన్నో విడదీసి చూడాలి. మార్పిడి తప్పులైతే గుణకారాలు ఎన్ని ప్రాక్టీస్ చేసినా తగ్గవు. మిలియన్లలో మొదలైనది మిలియన్లలోనే ముగించడం అలవాటు చేసుకోవాలి.

అదే బస్సు కేసు మర్నాడు మళ్ళీ చేస్తే మరో రకం తప్పు కనబడుతుంది. సీట్లు నిండటం అంతకుముందు 85 శాతం ఉండి 70కి పడిందని టేబుల్‌లో ఉంది. నష్టం రోజుకి 240 సీట్లు, 1 లక్షా 20 వేలు, ఏడాదికి 4 కోట్ల 32 లక్షలు. ఇది సరిగ్గానే చేశాడు, చేసి ఖర్చుల వైపు వెళ్ళిపోయాడు. ఎందుకు పడింది, అన్ని ట్రిప్పుల్లోనా లేక పగటి ట్రిప్పుల్లోనేనా అని అడగలేదు. సికింద్రాబాద్, విశాఖ వందే భారత్ 2023 జనవరిలో మొదలైంది, విజయవాడలో ఆగుతుంది. ఆ దారిలో తిరిగే ఎవరికైనా తెలిసిన సంగతే. తెలిసి కూడా కేసులో నోటికి రాలేదంటే స్ట్రక్చర్‌లో పోటీ అన్న కొమ్మే లేదన్నమాట, ఉన్నదల్లా ఆదాయం, ఖర్చు. కేసు అయిన ఐదు నిమిషాలకి ఇది తట్టదు, అప్పటికి సున్నా జారిన బాధే పెద్దదిగా ఉంటుంది. వెంటనే చేసే రివ్యూకి కంగారు, తడబాటు, మాట తీరు చిక్కుతాయి. ఆలోచనలో ఉన్న ఖాళీలు ఒక రాత్రి గడిస్తే గానీ కనబడవు.

పార్ట్‌నర్ ఒప్పుకుంటే ఆడియో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. మొత్తం కాదు, ఎవరూ వినలేరు. స్ట్రక్చర్ చెప్పిన రెండు నిమిషాలు, చివరి సలహా చెప్పిన ఒక నిమిషం చాలు. సొంత గొంతు వినడం ఇబ్బందే, రెండో వారానికి అలవాటవుతుంది.

రివ్యూ తీరు కంపెనీ పద్ధతిని బట్టి కూడా కొంచెం మారుతుంది. మెకిన్సీ, బీసీజీ, బెయిన్ పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు. మెకిన్సీ కేసుల్లో సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవాళ్ళే ఒక ప్రశ్న తర్వాత ఇంకోటి వేస్తూ నడిపిస్తారు, కాబట్టి ప్రశ్నల వారీగా రివ్యూ చేసుకోవచ్చు. బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా అభ్యర్థే కేసుని లాక్కెళ్ళాలి. అక్కడ చూడాల్సింది జవాబుల కంటే మలుపులు: ఒక భాగం అయ్యాక తర్వాత ఎటు వెళ్ళాలో మీరే చెప్పారా, లేక ఎదుటివాళ్ళ మొహం చూస్తూ ఊరుకున్నారా?

ఇంత రివ్యూ చేస్తే కేసులు ఎన్నవుతాయన్న బెంగ సహజం. లెక్క వేద్దాం. కేసు 35 నిమిషాలు, రాసుకోవడం 5, మాటలు 15, మర్నాడు 20. కేసు కంటే రివ్యూయే కాస్త ఎక్కువ. ఉద్యోగం చేస్తూ ప్రిపేర్ అయ్యేవాళ్ళకి వారానికి మూడు నాలుగు కేసులు సరిపోతాయి. క్యాంపస్‌లో ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గర పడ్డవాళ్ళు రోజుకి రెండు చెయ్యొచ్చు, మధ్యలో కనీసం రెండు గంటల విరామంతో. వెంటవెంటనే మూడు చేస్తే మర్నాటికి ఏ తప్పు ఏ కేసుదో కలగాపులగం అయిపోతుంది. మొదటిది మళ్ళీ చెయ్యకుండా మూడోదానికి వెళ్ళకూడదు అన్నది మంచి హద్దు.

హైదరాబాద్‌లో ఉండి డాలస్‌లో ఉన్న పార్ట్‌నర్‌తో చేసేవాళ్ళ సంగతి వేరు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే వేసవిలో అక్కడ ఉదయం పదకొండు. కేసు, మాటలు అయ్యేసరికి పదిన్నర. అలసట మీద ఉన్నారు కాబట్టి ఐదు నిమిషాల రాత మాత్రం మానకండి, మిగతా అంతా పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు. "రేపు తీరిగ్గా అన్నీ కలిపి రాస్తా" అన్నవాళ్ళ లాగ్‌లో మంగళవారాలన్నీ ఖాళీగా ఉంటాయి.

వారానికొకసారి, ఆదివారం అనుకుందాం, కొత్త కేసు పెట్టుకోకుండా లాగ్ ఒక్కటే తెరవాలి. తేదీ, కేసు రకం, ఏం తప్పింది, ఎందుకు, తర్వాత ఏం చేస్తాను అన్న ఐదు గళ్ళుంటే చాలు, ఎక్సెల్ రంగులు అక్కర్లేదు. నలభై ఐదు నిమిషాల్లో చెయ్యాల్సింది లెక్కపెట్టడం. ఒకే కారణం మూడుసార్లు కనబడితే వచ్చే వారం దానికి విడిగా డ్రిల్: గ్రాఫ్ చదవడం బలహీనమైతే రోజుకి రెండు గ్రాఫులు, ఒక్కోదాని మీద ఒక్క వాక్యం. కేసు మొత్తం చేస్తూ ఒక్క లోపాన్ని సరిచెయ్యడం కష్టం, మిగతావన్నీ అడ్డొస్తాయి. పార్ట్‌నర్ల మాటలు ఢీకొట్టేదీ ఇక్కడే. ఒకరు నెమ్మది అంటారు, ఇంకొకరు తొందర అంటారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు అదే మాట అంటే నమ్మండి. అప్పటిదాకా రాసి ఉంచండి, మారకండి.

రివ్యూ చెయ్యకూడని వేళలు కూడా ఉన్నాయి. కేసు ఘోరంగా పోయి కళ్ళలో నీళ్ళున్నప్పుడు "నేనెందుకూ పనికిరాను" అన్నదే లాగ్‌లోకి ఎక్కుతుంది. ఆ రోజు ప్రశ్న, అంకెలు రాసి మూసేసి, మిగతాది పొద్దున్నే చూసుకోవాలి. అసలు ఇంటర్వ్యూల రోజున రెండు రౌండ్ల మధ్య అసలే వద్దు. బయట కూర్చున్న స్నేహితుడు "నీకేం కేసు వచ్చింది, జవాబు ఎంత వచ్చింది?" అంటాడు. అతని అంకె వేరే వచ్చిందని తెలిస్తే తర్వాతి రౌండ్‌లోకి ఆ అంకెతోనే వెళ్తారు. నీళ్ళు తాగి, నడిచి, మాట మార్చండి. అన్ని రౌండ్లూ అయ్యాక, ఇంటికి వెళ్ళే దారిలోనే, మీ కోసం మాత్రం రాసుకోండి, గ్రూపుల్లో పెట్టడానికి కాదు.

అసలు ఇంటర్వ్యూకి మూడు రోజుల ముందు లాగ్‌లో కొత్త వరసలు చేర్చడం ఆపేయాలి. అప్పుడు దొరికిన కొత్త తప్పుని సరిచేసే సమయం లేదు, భయపడే సమయం మాత్రం ఉంది. ఉన్న లాగ్‌లోంచి ఎక్కువసార్లు వచ్చిన కారణాలని ఒక చిన్న కాగితం మీదకి ఎత్తుకోవాలి, చెయ్యాల్సిన పనులుగా: "ఒక బస్సు, ఒక రోజు దగ్గరికి దించి చూడు." "పోటీ ఎవరు?" "ముందు సలహా, తర్వాత కారణాలు." మూడు లైన్లు దాటితే ఇంకా కొట్టెయ్యాలి.